జపాను బడిలో కాగితపు పూలు

మన కవులు వసంతమును వర్ణింపబూనినప్పుడు మామిడిచివురును, కోకిలను, మల్లెమొగ్గను మరువరు. కాగితపు పూవును మెచ్చుకొనిన కవిని మాత్రము మే మెరుగము. వాడుకలోనైనను కాగితపు పూవనుట నిందయే; పైమెరుగే గాని లోపల పసలేనిదానికి ఆ పేరు పెట్టుదుము. మేమును మొన్నమొన్నటివరకు నట్లే యనుచుంటిమి. 2025వ సంవత్సరము ఫాల్గుణమాసమున జపానుదేశపు రాజధానియగు టోకియోలో మూడువారములుండి, అచ్చటి యొక శిశువిద్యాలయపు గోడను జూచివచ్చినది మొదలు ఆ మాట మా నోట రాకున్నది. ఆ గోడను గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని యీ వ్రాత.

మా ఆడపడుచు కుటుంబము టోకియో తూర్పుభాగమున, ఎదొగవా వార్డులోని నిషికసాయి యను పేటలో నాలుగేండ్లుగా కాపురముండెను. ఆ పేట మనవారికి క్రొత్తది కాదు. 2000వ సంవత్సరము ప్రవేశించునప్పుడు కంప్యూటర్లలో తేదీల చిక్కు కలుగునని లోకమంతయు భయపడిన కాలమున, దానిని సరిదిద్దుటకై పిలువబడిన మనదేశపు ఇంజనీరులనేకు లచ్చట ఇండ్లు తీసికొనిరి. నాటినుండి కందిపప్పు, చింతపండు అమ్ము అంగళ్లును, మనపిల్లలకు బడులును ఆ ప్రాంతమున వెలసినవి. రైలుస్టేషనునుండి ఇంటికి నడచునంతలోనే తెలుగుమాట చెవిని బడగా మాకు ప్రాణము లేచివచ్చెను.

మా ఆడపడుచు పెనిమిటిని కంపెనీవారు హైదరాబాదునకు మార్చిరి. మార్చినెల 22వ తేదీకి విమానపు టిక్కెట్లు కొనబడినవి. సామానులు సర్దుటకు సాయముగా రండని వ్రాసినందున మావారును మేమును పోయితిమి. మా మేనల్లుడు ఆరేండ్లవాడు. అచ్చటి పిల్లలతోపాటు యోచియెన్ అనబడు శిశువిద్యాలయమున మూడేండ్లు చదివెను. ఆ నెల మూడవ వారమున వాని తరగతికి వీడ్కోలు పండుగ. తోటిపిల్లలందరు ఏప్రిలులో వీపున తోలుసంచి తగిలించుకొని ప్రాథమికపాఠశాలకు పోవుదురు. వీడొక్కడు విమానమెక్కవలెను. ఇంటనున్న అట్టపెట్టెలను జూచినప్పుడెల్ల వాని ముఖము చిన్నబోవుచుండెను.

జపానులో బడి సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని మొదలై మార్చి 31వ తేదీతో ముగియును. 1886లో ప్రభుత్వపు లెక్కల సంవత్సరము ఏప్రిలునుండి యని స్థిరపడగా, బడులును క్రమముగా దానినే యనుసరించినవి. సకుర యనబడు చెర్రీచెట్టు పూచుట ఇంచుమించు ఆ సమయముననే. ఇది మనము తిను చెర్రీపండ్లకై పెంచునట్టిది కాదు, పూవులకొరకే పెంచబడునది. నేడు ఊరూర గానవచ్చు సొమేయి యొషినో అను రకము, ఎదో నగర మని టోకియోకు పేరున్న నాళ్లలో, సొమేయి గ్రామపు తోటమాలులవలన వ్యాప్తికి వచ్చెను. ఆ పేరు 1900లో పెట్టబడినది. ఈ రకపు చెట్లన్నియు అంటుకట్టి పెంచినవే యగుటచే, ఒకచోట నున్నవన్నియు ఇంచుమించొక్కసారియే పూచును. ఆకు పుట్టకముందే కొమ్మ యెల్ల పూవై, నిండుగా వారముదినము లుండి రాలిపోవును. కావున ఆ దేశమువారికి బడి విడుచుట, బడి చేరుట, సకుర పూచుట యను మూడును మనసులో నొక్కటే ముడిగా పడియున్నవి.

అయినను పంచాంగమును బట్టి పూవు పూయునా? టోకియోలో యసుకుని దేవాలయపు ఆవరణమున వాతావరణశాఖవారి గుర్తుచెట్టొకటి కలదు. దానిపై ఐదారు పూలు విచ్చినచో నగరమున పూత మొదలైనదని ప్రకటింతురు. 1991 మొదలు 2020 వరకు గల ముప్పదియేండ్ల సగటున ఆ దినము మార్చి 24. 2020, 2021, 2023 సంవత్సరములలో 14వ తేదీకే పూచెను. 2024లో 29వ తేదీదాక పూయలేదు. ఉత్తరమున సప్పొరో నగరమున పూత ఇంకను ఆలస్యముగా వచ్చును. వీడ్కోలు పండుగలో మార్చి నడుమనే జరుగును. అనగా, ఏ పూవు క్రింద బిడ్డను సాగనంపవలెనని తల్లి తలచునో, ఆ పూవు చాలమారు ఆనాటికి మొగ్గలోనే యుండును. అందుచేతనే గోడమీద కాగితపు చెట్టు పూచుట. ఈ సంగతి తెలియకమునుపు, ఇన్ని నిజమైన చెట్లున్న దేశమున ఈ బొమ్మచెట్టేల యని మేము లోలోపల నవ్వుకొంటిమి.

ఆ బడులలో కాగితపు పనికి పాతచరిత్ర కలదు. పిల్లలతోట యను అర్థముగల కిండర్‌గార్టెన్ అను పేరును 1840లో పెట్టినవాడు జర్మనీ దేశపు ఫ్రోబెల్ పండితుడు. బిడ్డలచేత చేయింపదగిన పనులలో ఆయన కాగితము మడచుటయు, కత్తిరించుటయు చేర్చెను. 1876లో టోకియో స్త్రీల నార్మల్ స్కూలునకు చేర్చి జపానుదేశపు మొదటి ప్రభుత్వ శిశువిద్యాలయము తెరువబడగా, ఫ్రోబెల్ పద్ధతి అచ్చట ప్రవేశించెను. కాగితము మడచు విద్య ఆ దేశమువారికి పూర్వమే యుండుటచే, రెండు ఏరులొకచోట కలిసినట్లాయెను. యోచియెన్ అను మాటలోని యెన్ అనగా తోటయే. బడి ముగించుటను సొత్సుయెన్ అందురు. తోట ముగిసినదని భావము. చేరుట న్యూయెన్; తోటలోనికి వచ్చుట.

మేనల్లుని బడిలో చెట్టును కట్టువారు వానికంటె చిన్నతరగతి పిల్లలు. వెళ్లిపోవు అన్నలకు, అక్కలకు వారిచ్చు కానుక యది. ఒక్కొక్క పెద్దపిల్లకు ఒక్కొక్క పెద్దపూవు. పూవు నడుమ గుండ్రని కాగితముపై ఆ పిల్ల ముఖమును చిన్నవా రెవరో ఒకరు రంగుముక్కతో వ్రాయుదురు. ఆ యేడు వెళ్లువా రిరువదిముగ్గురే యగుటచే కొమ్మలు బోసిగా నుండునని, ఇంటింటి తల్లులు యాబదేసి చిన్నపూలు చేసి పంపవలెనని ఉపాధ్యాయిని చీటి వ్రాసెను. పూర్వము రెండు మూడు తరగతుల పిల్లలతో గోడ క్రిక్కిరిసి యుండెడిదట. బిడ్డల పుట్టుక తగ్గుటచేతను, రోజంతయు బిడ్డలను జూచు సంరక్షణాలయములకు తల్లులు పోవుటచేతను, 1985లో 15,000లకు పైబడియున్న యోచియెన్లు 2023 నాటికి 9,000లకు లోబడినవి. గోడపై పూలు తగ్గుటలోని దుఃఖ మాబడిది మాత్రమే కాదు.

మా ఆడపడుచు పెట్టెల నడుమ తలమునుకలై యుండుటచే ఆ యాబది పూలపని మేము పైన వేసికొంటిమి. సంక్రాంతికి రంగుకాగితముల తోరణములు కట్టిన చేతులకు ఇదెంత యనుకొంటిమి. చదరపు కాగితము నాలుగు మడతలు పెట్టి కత్తిరించినచో నాలుగు రేకులు వచ్చెను; ఎనిమిది మడతలు పెట్టగా ఎనిమిది వచ్చెను. ఐదు మాత్రము రాకపోయెను. అప్పుడు మావారు పత్రిక ప్రక్కన బెట్టి, బళ్లో పలకముందు నిలిచినట్లు నిలిచి పాఠము చెప్పిరి. చదరపు కాగితమును మూలనుండి మూలకు మడచి ముక్కోణము చేయవలెను. దాని పొడవైన అంచునకు సరిగా నడిమిచోట గుర్తు పెట్టవలెను. ఆ గుర్తువద్ద నున్న కోణము 180 డిగ్రీలు. దాని నైదు సమభాగములు చేయ నొక్కొక్కటి 36 డిగ్రీలు. ఆ లెక్కను ఒకదానిపై నొకటి పడునట్లు మడువగా సన్నని విసనకఱ్ఱవంటి తునుక యగును. ఒక అంచుప్రక్క పొట్టిగాను, రెండవ అంచుప్రక్క పొడుగుగాను ఉండునట్లు గుండ్రముగా కత్తిరించి విప్పినచో ఐదు రేకుల పూవు! పొడుగైన అంచు రేకునకు నడుము. పొట్టియంచు రేకునకును రేకునకును నడిమి సందు. పెండ్లియైన పదునాలుగేండ్లలో మావారి గణితము మాకింత ప్రియమైన దినము లేదు.

రాత్రి పదిగంటలకు ముప్పది పూలు తయారైనవి. తెల్లవారి వానిని బల్లపై పరచి మేనల్లుని పిలిచి గర్వముగా జూపితిమి. వాడు రెండుమూడు చేతికెత్తి చూచి, "అత్తయ్యా, ఇవి సకుర కావు, ఉమే పూలు," అనెను. ఏమి భేదమనగా, కిటికీలోనుండి ఎదుటితోటలోని చెట్టొకటి జూపెను. అది మన రేగుపండ్ల జాతిది కాదు. పులుపుకాయలు కాయు ఆ దేశపు ఉమే. సకురకంటె ముందు చలిలోనే పూచును. దాని రేకుల కొనలు గుండ్రము. సకుర రేకు కొన నడుమ చిన్న గంటు ఉండును. అంతియే భేదము. మేము బలే నైపుణ్యముతో ముప్పది తప్పుపూలు పూయించితిమి.

"పోనీలే నాయనా, దూరమునుండి ఎవరికి తెలియును?" అంటిమి. వాడు తల అడ్డముగా ఊపెను. ఆ యింట పెట్టెలు కట్టుట మొదలైననాటినుండి ముభావముగా నున్న బిడ్డ, కత్తెర తెమ్మని, మడతను మరల మడచి, పొడుగైన అంచు కొనను చిన్న ఏటవాలు కోత కోసి విప్పెను. ఐదు రేకులకును ఐదు గంట్లు పడెను. అటుపిమ్మట మేము మడచుటయు, వాడు గంటు పెట్టుటయు. పూలు పేర్చుచునే తల యెత్తకయే, "నిజమైన సకుర పూచునప్పటికి నేనుండను గదా," అనెను. మేము మాటాడలేకపోతిమి. ఏమి చెప్పినను అబద్ధమే యగును.

మరునాటి మధ్యాహ్నము తల్లులతో గూడ మేమును బడికి బోయితిమి. వాకిటనే చెప్పులు విడిచి లోపలి చెప్పులు తొడిగికొనవలెను. పొడవైన గోడపై తెల్లని కాగితము పరచి యుంచిరి. చెట్టు మొదలు కొరకు గోధుమరంగు కాగితమును చేతులతో బాగుగా నలిపి, మరల చదునుచేసి, మడతలు పైకి కనబడునట్లు అంటించిరి. ముసలిచెట్టు బెరడని నమ్మునట్లుండెను. ఇంకను చిన్నపిల్లలు అరచేతులకు గులాబిరంగు పూసికొని అద్దగా, ఆ చేతిగుర్తులే కొమ్మలకొనల పూలగుత్తులైనవి. కొందరు పలుచని మెత్తకాగితము లైదు వరుసగా పేర్చి, విసనకఱ్ఱవలె మడచి, నడుమ బిగించి, పొరపొరయు విప్పి ముద్దపూలు చేసిరి. అంటించుటకు గంజిపిండితో చేసిన తెల్లని జిగురు. బిడ్డలు వ్రేలితో తీసి రాయుదురు, నోట బెట్టుకొనినను భయము లేదు. మన ఇండ్లలో గాలిపటములకు మైదాపిండి ఉడికించి చేయు జిగురే యని తోచి, ఆ పరదేశపు గదిలో మాకు చనువు కలిగెను.

అచ్చటి తల్లులతో మాకు మాట కలియదు. పూవు చేతికిచ్చుటయు, తలవంచుటయు, నవ్వుటయు. మూడుగంటల కాలమాభాషతోనే గడచెను. మా ఉమే పూలను పారవేయలేదు. ఉపాధ్యాయిని వానిని జూచి నవ్వి, చెట్టునకు కొంతదూరమున వేరొక చిన్నకొమ్మ గీసి యంటించెను. సకురను నరకువాడును, ఉమేను నరకనివాడును తెలివిమాలినవారే యని వారికొక సామెత యున్నదని మా ఆడపడుచు చెప్పెను. ఉమేకు కత్తిరింపు మేలు చేయును. సకురకు కొమ్మ కోసినచోట పుచ్చు పట్టును. ఎంత పండుగయైనను కొమ్మ విరిచి తెచ్చి గోడకు కట్టకపోవుటకు ఇదియు నొక హేతువు కాబోలు.

పండుగనాడు ఉదయము చలిగాలి వీచుచుండెను. వీథిచెట్ల కొమ్మలకు మొగ్గలు ఎఱ్ఱగా బిగిసియున్నవి. లోపల ఎఱుపు తెలుపు పట్టెల తెర కట్టిరి. తల్లులు నల్లని, నీలపు దుస్తులు ధరించి వచ్చిరి. మేమును మా ఆడపడుచును మంగళగిరి చీరలు కట్టితిమి. చిన్నచిన్న కుర్చీలలో బిడ్డలు కాళ్లు జోడించి కూర్చుండిరి. ఒక్కొక్కరి పేరు పిలువగా "హై" యని బిగ్గరగా పలికి, లేచి, ముందునకు బోయి, ప్రధానాధ్యాపకురాలి చేతినుండి రెండు చేతులతో యోగ్యతాపత్రమును గ్రహించి, వంగి నమస్కరించిరి. మా వాని పేరులోని ళకారము వారి నోట రకారమాయెను. వాడు మాత్రమందరికంటె బిగ్గరగా పలికెను. వెనుక గోడనిండ సకుర. దానిపై పెద్దయక్షరములతో, బడి ముగించినందుకు శుభమని వారి భాషలో వ్రాసియుండెను.

అప్పుడు మాకు కణ్వాశ్రమము తలపునకు వచ్చెను. కాళిదాసు శాకుంతలమున నాలుగవ యంకమున, శకుంతల అత్తవారింటికి పోవునప్పుడు కణ్వుడు తపోవనములోని చెట్లనే అనుమతి యడుగును. ఆమె అలంకారప్రియ యయ్యును ప్రేమచేత చివురైన త్రుంచనిది గనుక, ఆ చెట్లే యామెకు పట్టువస్త్రమును, లత్తుకను, ఆభరణములను ఇచ్చెను. ఆ యంకమును మాకు తాతగారు చిన్ననాడు చెప్పుచు కన్నీరు పెట్టుకొనెడివారు. ఇచ్చట కథ తిరుగబడినది. తోట విడుచు బిడ్డకు ఇచ్చుటకు చెట్టువద్ద ఆనాటికి పూవు లేదు. అందుచే బిడ్డలే చెట్టయి, తమ చేతులతో పూచిరి. చిగురు త్రుంచని ప్రేమ మాత్రము రెండుచోట్లను ఒక్కటియే.

సభ ముగిసినపిదప ఉపాధ్యాయిని పూలనడుమ నున్న ముఖచిత్రములను తీసి యెవరిది వారికిచ్చెను. పూలను మాత్రము తీయలేదు. పైనున్న యక్షరములలో బడి ముగించు మాటను తీసి, ఏప్రిలులో బడి చేరు మాటను అంటింతురట, చెట్టు మాత్రమదియే. మా మేనల్లుడు తన ముఖమును జేబులో బెట్టుకొని, ఖాళీయైన పూవు వంక చూచి, "ఇందులో ఎవరిని పెట్టుదురు?" అని యడిగెను. "ఏప్రిలులో వచ్చు చిన్నవారిని. నీ పూవులో వారు కూర్చుందురు," అని ఆమె చెప్పినట్లు మా ఆడపడుచు మాకు తెనిగించెను. బిడ్డ చాలసేపు నిలువబడి, ఊడివచ్చుచున్న రేకు నొకదానిని వ్రేలితో అదిమి సరిచేసి, అప్పుడు కదలెను. త్రోవలో, "అత్తయ్యా, మన బడిలో గోడకు ఏ పూవు పెట్టుదురు?" అనెను. ఉపాధ్యాయుని భార్యమై యుండియు మేము బదులు చెప్పలేకపోతిమి.

22వ తేదీని విమానమెక్కితిమి. 24వ తేదీని టోకియోలో పూత మొదలైనదని ప్రకటించిరి. 30వ తేదీని మేమింట విశ్వావసు నామ సంవత్సరపు ఉగాదికి వేపపూవు దులుపుచుండగా, ఆనాడే అచ్చట చెట్లు నిండుగా పూచినవని మా ఆడపడుచు ఫోనులో చెప్పెను. వాడు వినియు ఏడువలేదట. తన పూవు ఎప్పుడో పూచినదని చెప్పెనట.

వేసవి సెలవులకు వాడు మా యింటికి వచ్చెను. మా ఊరి బడి ప్రహరీ ప్రక్కన తురాయిచెట్టు ఎఱ్ఱగా మండుచుండెను. దాని పూవును కోసి కాదు, రాలినదానిని ఏరి తెచ్చి చూచితిమి. దానికిని ఐదు రేకులే! నాలుగు ఎఱుపు, ఐదవది తెలుపు పసుపులు కలిసి చుక్కలు గలది. 36 డిగ్రీల మడతయే దానికిని చాలును. ఆ చెట్టును మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినదే యైనను, మన బడులు తెరచు జూన్ నెలకు నెత్తిన పూలతో నిలిచి పిలుచునది యదియే. మావారి అనుమతితో ఒకటవతరగతి గోడకు తురాయికొమ్మ నొకదానిని అంటించితిమి. గంటు పెట్టవలసిన పని లేకున్నను, ఐదవ రేకునకు చుక్కలు పెట్టుట మాత్రము మేనల్లుడెవరికిని ఇయ్యలేదు.

మీ యూరి బడికి ఏ పూవు తగునో మీరే చూచుకొనుడు. కాగితము కొద్దిపాటి ఖర్చు. వచ్చు బిడ్డ ముఖము పట్టునంత చోటు పూవు నడుమ విడుచుట మాత్రము మరువకుడు.